తిట్లన్నీ కృపానందన్నకే

మా సబ్‌స్టేషన్ ఆపరేటరు కృపానందన్నకు తిట్లంటే ఇష్టం. కొందరికి పాటలు ఇష్టం, కొందరికి మిరపకాయ బజ్జీలు ఇష్టం. ఈయనకు తిట్లు. కరెంటు పోయిందని ఫోను చేసి ఎవరెంతసేపు తిట్టినా పెట్టేయడు. తిట్టేవాళ్ళకు ఆయాసం వచ్చి ఆగితే, "నీళ్ళు తాగి రాప్పా, లైన్లోనే ఉంటా" అంటాడు.

పెద్దకడుబూరు నుంచి ఎమ్మిగనూరు పోయే దారిలో మా ఊరు. ఊరి మొదట్లోనే సబ్‌స్టేషన్. రోడ్డుకు ఈవల, దానికి ఎదురుగా నా పిండి గిర్నీ. కరెంటు పోతే మొదట ఆగేది నా గిర్నీ, మొదట లేచేది నా నోరు. అందుకే ఆయన సంగతి ఊర్లో అందరికంటే ముందు నాకే తెలిసింది.

ఒకసారి జొన్నలు సగం పిండై, సగం పైనే ఉన్నప్పుడు కరెంటు పోయింది. ఫోను చేసి నా బలమంతా చూపించినాను. అంతా విని, "ఏం మల్లేశ్వరమ్మా, ఒంట్లో బాగలేదా?" అన్నాడు.

"నాకేమైంది?"

"పోయినసారి తిట్టినప్పుడున్న ఊపు లేదు ఈసారి. మిరియాల కషాయం తాగు."

నవ్వొచ్చి మిగతా తిట్లు మర్చిపోయినాను.

భీమరావు సారు రిటైరైన తెలుగు అయ్యవారు. ఆయన తిట్టేది గ్రాంథికంలో. ఒకరోజు ఫోనులో "నీవు కర్తవ్యవిముఖుడవు" అన్నాడంట. "సారూ, నిదానంగా ఇంకోసారి సెప్పండి, ఇది కొత్తది" అని కృపానందన్న పలకడం నేర్చుకున్నాడు. ఇంక ఆ మాటను ఊరంతా తిప్పినాడు. టీ ఆలస్యమైతే హోటలు ఏసన్నను "ఓ కర్తవ్యవిముఖుడా" అని పిలిచినాడు. అదేదో బిరుదనుకొని ఏసన్న ఆ పూట గ్లాసు నిండా పోసినాడు.

ఇంతటితో ఆగితే సరే. సబ్‌స్టేషన్ గేటు మీద సుద్దముక్కతో తన సొంత నంబరు రాసుకున్నాడు. వాన పడి చెరిగిపోతే మళ్ళీ రాసినాడు. లైన్‌మన్ సుంకప్ప నంబరు ఎవరడిగినా, "వానికి తిట్ల విలువ తెలీదప్పా, నాకే చెయ్యండి" అంటాడు.

"అంత ఆశ ఏందన్నా, వానికీ రెండు వదలొచ్చు కదా" అన్నాను నేను.

"ఇయ్యనమ్మా. అన్నీ నాకే కావాల" అన్నాడు.

మొన్న మే నెలలో, పొద్దెక్కుతా ఉంటే, సబ్‌స్టేషన్లో ఢామ్మని శబ్దమైంది. నల్లటి పొగ లేచింది. పెద్ద లైను నుంచి వచ్చే కరెంటును కలిపే, విడదీసే బ్రేకర్ ఒకటుంటుంది. అది పేలిపోయింది. ఆ వేళకు దాని పక్కన ఎవరూ లేరు, అంతవరకు మేలు. చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ ఒక్కసారే కరెంటు పోయింది. ఫ్యాన్లు, నీళ్ళ మోటార్లు, నా గిర్నీ, అన్నీ నిలబడిపోయినాయి. ఆదోని నుంచి వేరే బ్రేకర్ లారీలో రావాల, దాన్ని బిగించాల, పరీక్ష చెయ్యాల. సాయంత్రమవుతుందని ఇంజనీరు సారు చెప్పినాడు.

మధ్యాహ్నానికి ఎండ నెత్తిని మాడుస్తాంది. గిర్నీ ముందర సంచులు, డబ్బాలు వరుసగా చేరినాయి. కృపానందన్నకు ఫోను చేస్తే బిజీ. ఎన్నిసార్లు చేసినా బిజీ. కరెంటూ లేదు, తిట్టే దారీ లేదు. కోపమొచ్చి రోడ్డు దాటి నేరుగా సబ్‌స్టేషన్‌కే పోయినాను.

ఆయన వరండాలో స్టూలు మీద కూర్చోనున్నాడు. ఒడిలో టవలు పరిచి ఉంది. ఆ టవల్లో సుంకప్పది, మిగతా లైన్‌మన్లవి, అందరి ఫోన్లూ ఉన్నాయి. ఒకటి ఆగితే ఇంకొకటి మోగుతాంది. అవతల ఇనప స్తంభాల మధ్య, ఎండలో, సుంకప్ప వాళ్ళు పైకెక్కి, లారీలో వచ్చిన కొత్త బ్రేకర్‌కు బోల్టులు బిగిస్తున్నారు.

కృపానందన్న గొంతు బొంగురు చేసుకొని ఒక ఫోనులో, "అవునప్పా, సుంకప్పనే మాట్లాడతాండా. తిట్టు" అన్నాడు. అది అయిపోగానే అదే ఫోను మళ్ళీ మోగింది. స్పీకరులో పెట్టినాడు. సుంకప్ప పెళ్ళాం తిప్పమ్మ.

"ఎవరు మాట్లాడేది?" అంది.

"నేనే, సుంకప్పను."

"మా ఆయన నాతో ఇంత మర్యాదగా మాట్లాడడు. యాడున్నాడు?"

"పైనున్నాడు తిప్పమ్మా. ఏం తిట్టాల్నో నాకు సెప్పు. దిగినాక ఒక్క మాట పొల్లుపోకుండా అప్పజెప్తా."

నేను తిట్టడానికి వచ్చినదాన్ని, నవ్వు ఆపుకోలేక అక్కడే మెట్టు మీద కూలబడినాను. "ఇదేం పనన్నా? వాళ్ళ ఫోన్లు నువ్వెందుకు పెట్టుకున్నావు?"

"పైకెక్కినోని చేతిలో స్పానరు ఉంటాది. జేబులో ఫోను మోగతా ఉంటే చెయ్యి తొందరపడతాది" అన్నాడు. ఒడిలో టవలు సర్దుకొని, "నాకే అయిందిలే ఒకసారి. ఆలూరు పక్క నేను లైన్‌మన్‌గా ఉన్నప్పుడు. స్తంభమెక్కినా. ఫోను ఆగకుండా మోగె. తొందరలో పట్టు తప్పి కింద పత్తిచేన్లో పడినా. రెండు పక్కటెముకలు పోయినాయి. ఫోను మాత్రం బాగుండాది, ఇంకా మోగతానే ఉండాది" అన్నాడు.

"ఎత్తినావా?"

"ఎత్తినా. 'కరెంటు ఎప్పుడొస్తాది' అని అడిగినాడు. 'పైనుంచి కింద పడినానప్పా' అంటి. 'పడితే పడినావు, టైము సెప్పు' అన్నాడు."

ఇద్దరం నవ్వినాం. ఆయన నవ్వుతానే తలెత్తి సుంకప్ప దిక్కు చూసినాడు. నాకు నవ్వు ఆగిపోయింది. టవల్లో మోగుతున్న ఫోన్లలో రెండు తీసుకొని నేనూ ఎత్తడం మొదలుపెట్టినాను.

అంతలో గొడుగేసుకొని భీమరావు సారు వచ్చినాడు, ముఖాముఖి తిట్టిపోదామని. సంగతి విని గొడుగు మూసి, ఒక ఫోను పట్టుకున్నాడు. "సోదరా, మీ ఆగ్రహం సముచితమే" అని మొదలుపెట్టగానే అవతలివాడు రాంగ్ నంబరనుకొని పెట్టేసినాడు. మా ముగ్గురిలో తొందరగా పని ముగించింది ఆయనే.

పొద్దు వాలే వేళకు పక్క ఊరినుంచి ఒక ట్రాక్టరు నిండా మనుషులొచ్చినారు. నీళ్ళు లేక మంట మీదున్నారు. బ్రేకర్ లేకపోతే ఏమి, వైరు నేరుగా కలిపి కరెంటు ఇయ్యండని గేటు పట్టుకొని ఊపినారు. అట్లా కలిపితే మనుషులు పోతారని కృపానందన్న చెప్పినా వినలేదు. ఆయన బయటికి పోయి, గేటు తన వెనకాల మూసి, వాళ్ళ మధ్యలో నిలబడినాడు.

"ఎంతసేపైనా తిట్టండప్పా, నేను యాడికీ పోను. గట్టిగా మాత్రం వద్దు. వాళ్ళు పైనుండారు" అన్నాడు మెల్లగా.

వాళ్ళు పైకి చూసినారు. అందరికంటే కోపంగా ఉన్న మనిషి ఒకసారి గొంతు సవరించుకొని, గుసగుసగా తిట్టడం మొదలుపెట్టినాడు. పక్కవాళ్ళూ గుసగుసగానే అందుకున్నారు. అంతమంది గుంపు రహస్యం చెప్పినట్టు తిట్టడం నేను అదే మొదటిసారి చూడటం. కృపానందన్న ఒక్కొక్కరి దగ్గర చెవి పెట్టి, తల ఊపుతా విన్నాడు. గుసగుసగా ఎంతసేపని తిడతారు, కాసేపటికే అలసిపోయి చెట్టు కింద కూర్చున్నారు. ఏసన్న అందరికీ నీళ్ళు తెచ్చిచ్చినాడు.

వీధుల్లో దీపాలు పెట్టే వేళకు పని అయింది. పరీక్ష అయింది. రోడ్డుకవతల నా గిర్నీలో బల్బు వెలిగింది. ట్రాక్టరు వాళ్ళు ఇప్పుడు గట్టిగానే కేకలేసినారు.

ఇంక ఫోన్లు మోగవనుకున్నాం. సుంకప్ప ఫోను మోగింది. కృపానందన్న గొంతు బొంగురు చేసుకొని ఎత్తినాడు. అవతల ఎవరో ముసలామె.

"సుంకప్పా, నేను నాయనా, చర్చి వెనకాల సువార్తమ్మను. ఫ్యాను తిరుగుతాంది. పొద్దున్నుంచి ఎండలోనే ఉండారంట మీరంతా. నోట్లో ఏమన్నా ఏసుకుంటిరా?"

కృపానందన్న లేచి, కొళాయి దగ్గర చేతులు కడుక్కుంటున్న సుంకప్ప దగ్గరికి పోయినాడు.

"ఇది నీకే వచ్చిందిరా. నువ్వే మాట్లాడు" అని ఫోను ఇచ్చినాడు.

సుంకప్ప భయం భయంగా చెవికి పెట్టుకున్నాడు. కాసేపు విన్నాడు.

"ఇంకా లేదవ్వా," అన్నాడు. "వస్తాండాం."