ఆయన గొంతు కోసం పెట్టుకున్న అర్జీ

నా భర్త జగ్గయ్యపేట నుంచి సిమెంటు లోడు తోలే లారీ డ్రైవరు. బండి మా సొంతమే. పక్షవాతం వచ్చాక నడక మెల్లగా తిరిగొచ్చింది కానీ మాట రాలేదు. ఎదుటివాళ్ళు చెప్పేదంతా ఆయనకు అర్థమయ్యేది. తను చెప్పాల్సింది మాత్రం నోరు దాటేది కాదు. చెయ్యి గాల్లో తిప్పి తిప్పి, మాకు ఎంతకీ అర్థం కాకపోతే గోడవైపు తిరిగి పడుకునేవారు.

విజయవాడలో మాట నేర్పే మేడమ్ ఒక ఉచిత యాప్ ఫోన్లో వేసిచ్చారు. బొమ్మ నొక్కితే ఆ మాట ఫోను పలుకుతుంది. ఆయన గ్లాసు బొమ్మ నొక్కారు. "నాకు నీరు కావలెను" అంది ఒక యంత్రపు ఆడగొంతు. ఇంకోసారి నొక్కి, ఫోను బోర్లా పెట్టేశారు. మా అత్తగారు నమాజు చాప మడతపెడుతూ, "వాడు పుట్టి బుద్ధెరిగాక కావలెను అన్నాడా? అది వాడి మాట కాదమ్మా" అన్నారు.

నేను నందిగామలో ఒక ఆఫీసులో కంప్యూటర్ ఆపరేటర్ని. ఒకరోజు బస్సులో కూర్చుని ఫోన్లో ఏదో వెతుకుతుంటే, ఆయన పాత వాయిస్ మెసేజ్ ఒకటి వేలు తగిలి మోగింది. "కీసర దాటా. టీ పెట్టు, వస్తున్నా."

పక్క సీటావిడ నా మొహంలోకి చూసి, కాసేపటికి తన మంచినీళ్ళ సీసా నా చేతిలో పెట్టింది. దారిలోంచి ఆయన పంపిన మాటలన్నీ, ఏళ్ళ తరబడి, ఆ ఫోన్లోనే ఉన్నాయి. టీ బొమ్మ నొక్కినప్పుడు ఈ గొంతు పలికితే బాగుండునని బస్సు దిగేలోపే నాకు తట్టింది.

యాప్‌లో ఆ వీలు లేదు. దాన్ని చేసింది కంపెనీ కాదు. వేరు వేరు దేశాల్లో ఉన్న కొందరు, ఇష్టంతో, ఊరికే చేస్తున్నారు. కొత్త సదుపాయం ఏదైనా కావాలంటే వాళ్ళ పేజీలో ఎవరైనా రాయొచ్చు. భోజనాల టైములో ఇంగ్లీషులో రాశాను, మా ఆఫీసుకొచ్చే అర్జీల పద్ధతిలోనే. సొంత ఆడియో పెట్టుకునే సౌకర్యం వెంటనే కల్పించవలెను, చాలా అర్జెంటు అని.

మర్నాడు జవాబు వచ్చింది. "మేము నలుగురమే. ఉద్యోగాలు చేసుకుని, తీరిక దొరికినప్పుడు ఈ పని చేస్తాం. మీకు ఏ బటన్ కావాలో కాదు, మీ ఇంట్లో ఏం జరుగుతోందో చెప్పండి."

మొదట చివుక్కుమంది. ఆ తర్వాత సిగ్గేసింది. నాకు పని చేసిపెట్టడానికి వాళ్ళేమన్నా నా కింద ఉన్నారా? మళ్ళీ రాశాను. ఈసారి లారీ గురించి, బోర్లా పెట్టిన ఫోను గురించి, కీసర మెసేజ్ గురించి రాశాను. వచ్చీరాని ఇంగ్లీషే, కానీ ఒక్క ముక్క దాచలేదు.

వాళ్ళలో ఒకాయన ఒప్పుకోలేదు. సౌండు ఫైళ్ళు చేరిస్తే యాప్ బరువెక్కి పాత ఫోన్లలో ఆగిపోతుందన్నాడు. ఇంకొకావిడ, "సెలవు రోజుల్లో నేను ప్రయత్నిస్తాను. మా యాప్‌లో ఉన్న తెలుగంతా యంత్రం అనువదించిందే. మీరు దిద్దిపెడతారా?" అని అడిగింది.

ఆ రోజు నుంచి రోజూ క్యారేజీ పక్కన పెట్టుకుని దిద్దడమే పని. "కావలెను" తీసి "కావాలి" చేశాను. "శిరోవేదన" తీసి "తలనొప్పి" పెట్టాను. వాళ్ళు పంపిన మొదటి నమూనాలో టీ బొమ్మ నొక్కగానే యాప్ మూసుకుపోయింది. ఏ ఫోను, ఏది నొక్కాను, ఏం జరిగింది, వరసగా రాసి పంపాను. రెండోది కూడా అంతే అయింది. తప్పు ఎక్కడుందో పట్టింది, యాప్ బరువెక్కుతుందని ఒప్పుకోని ఆ బరువన్నాయనే.

మూడోది ఒక ఆదివారం మధ్యాహ్నం వచ్చింది. మా ఆయన మెసేజ్‌లు ఒక్కొక్కటే కత్తిరించి బొమ్మలకి తగిలించి, ఫోను ఆయన చేతికిచ్చాను.

"టీ పెట్టు, వస్తున్నా" అంది ఫోను, ఆయన గొంతుతో.

ఆయన ఫోను వంక చూశారు. నా వంక చూశారు. మళ్ళీ నొక్కారు. నేను లేచి వంటింట్లోకి వెళ్ళాను. పాలు పొంగేదాకా ఆ మాట నా వెనక మోగుతూనే ఉంది. మధ్యమధ్య ఆయన నవ్వు. జబ్బు చేశాక ఆ నవ్వు వినడం అదే మొదలు.

ఒక్క మాటకి మాత్రం చాలా వెతకాల్సి వచ్చింది. "వద్దు" అని ఆయన నాతో అన్న మెసేజ్ దొరకలేదు. ఆఖరికి చందర్లపాడు సంతలో గోంగూర కొననా అని నేనడిగినప్పటి జవాబు బయటపడింది. "వద్దు, వద్దు, ఇంట్లో ఉంది." అందులోంచి మొదటి ముక్క తీసుకున్నాను.

ఆ నెలలోనే పెనుగంచిప్రోలు నుంచి మా బావగారు వచ్చారు. మా ఆయన పక్కనే కూర్చుని, నాతో అన్నారు.

"బండి ఊరికే ఎండకీ వానకీ పడుందమ్మా. అమ్మేద్దాం. కొనేవాళ్ళకి నేను మాటిచ్చేశా."

"మీ తమ్ముణ్ణి అడగండి బావగారు."

"వాణ్ణి ఏం అడుగుతాం? వాడేం చెప్పగలడు?"

"వద్దు."

బావగారు ఉలిక్కిపడి గుమ్మం వైపు చూశారు, ఎవరో వచ్చారనుకుని. మా ఆయన ఫోను ఎత్తి పట్టుకుని, అన్న కళ్ళలోకి చూస్తూ ఇంకోసారి నొక్కారు. "వద్దు." బావగారికి తమ్ముడి గొంతు అప్పుడు తెలిసింది. కండువాతో మొహం తుడుచుకుని, "సర్లేరా, వద్దంటే వద్దు" అన్నారు. అప్పటిదాకా ఆయన తరఫున అందరం మాట్లాడాం, నాతో సహా. ఆ రోజు ఆయన గెలిచారు.

జరిగింది జరిగినట్టు వాళ్ళకి రాశాను. బరువన్నాయన ఒకే ఒక్క వాక్యం రాశాడు. తన తండ్రి గొంతు కూడా పాత ఫోన్లో ఎక్కడో ఉండాలి, ఇవాళ వెతుకుతానని.

బండి ఇప్పుడు వేరే డ్రైవరు తోలుతున్నాడు. లోడు ఎక్కించే చోట మా ఆయన ఫోను చేతపట్టుకుని నిలబడతారు. "తాడు బిగించు" బొమ్మ ఒకటి కావాలని సైగ చేస్తే, పాత మెసేజ్ ఒకదాంట్లో ఆయన హమాలీతో అన్న ఆ మాట వెతికి అదీ పెట్టాను. హమాలీలు ఆ మాట వినగానే, "సరే అన్నా" అని తాడు అందుకుంటారు.