రెండు చుట్లు కోసిన కారులో కొత్త పెళ్లికూతురు

నా పెళ్లిరోజును చుట్టాలు చెడగొట్టలేదు, వాన చెడగొట్టలేదు. నేనే, నాలుగు స్ప్రింగులతో, స్వయంగా చెడగొట్టుకున్నాను. ఎలాగో చెప్తాను. నవ్వుకోండి, నాకిక పోయే పరువేమీ లేదు.

పెళ్లికి పది రోజుల ముందు, నా పాత కారును నేలకు ఆనేంత కిందికి దించాలన్న పిచ్చి పట్టింది నాకు. సిద్దిపేటలో మా మెకానిక్ యాదగిరన్న దగ్గరికి వెళ్లాను.

"స్ప్రింగులు రెండు చుట్లు కోసెయ్యన్నా."

"గట్ల కోస్తే సూడనీకే మంచిగుంటది తమ్మీ. కూసున్నోళ్ల నడుములు పోతయి, మలుపుల కాడ బండి నీ మాట ఇనది. ఒక్క ఇంచు దించుకో. దానికి సరిపోయే స్ప్రింగులు, షాకబ్జర్లు తెప్పిస్త. నెల ఆగు."

"నెలకు నా పెండ్లే అయిపోతది. ఫొటోల నడుములు కనిపిస్తయా అన్నా? కొయ్యి!"

కోశాడు. వేటకు పొంచిన చిరుతలా ఉంది కారు. ఖాళీగా ఉన్నప్పుడు! ఆ ముక్క నాకు తట్టలేదు.

కోహెడలో పెళ్లయింది, సిద్దిపేటలో మా ఇంటికి బయల్దేరాం. పూలు కట్టిన కారుకు నేనే డ్రైవరును. పక్కన నన్ను కన్న బాపు, వెనక పెళ్లికూతురు లావణ్య, తోడుగా వాళ్ల అమ్మమ్మ. నలుగురం కూర్చోగానే చిరుత కాస్తా పొదిగే కోడి అయింది. ఊరు దాటకముందే గుంతలో పడ్డాం. అమ్మమ్మ తల టాపుకు కొట్టుకుంది.

"గిది కారా, రోలా బిడ్డా? దంచుతున్నది!"

మలుపు తిప్పితే టైర్లు లోపల గీరుకుని ఏడ్చాయి. మొదటి స్పీడ్‌బ్రేకర్ దగ్గర కారు పొట్ట బర్రున గీసుకుంది.

"జర దిగున్రి," అన్నాను సిగ్గుతో చచ్చిపోతూ. "బరువు తగ్గితే దాటుతది."

పట్టుచీరలో పెళ్లికూతురు దిగింది, నడిచింది, ఎక్కింది. రెండోదానికీ అంతే. మూడోదానికి నేను చెప్పకుండానే తలుపు తీసుకుంది. ఆ తలుపు చప్పుడుకే నా ప్రాణం సగం పోయింది. మిగతా సగం నాలుగోదాని మీద పోయింది. నేను తప్ప అందరూ దిగినా కారు దానిమీదే కూర్చుంది. ముందుకు రాదు, వెనక్కి పోదు.

వెనకే సిద్దిపేట బస్సు వచ్చి ఆగింది. ప్రయాణికులు దిగి కారు చుట్టూ మూగారు.

"పెండ్లికొడుకా, నువ్వు గూడ దిగు! నువ్వుంటే లేస్తలేదు!"

ఎత్తుతుంటే కింద ఏదో టప్పున విరిగింది. అమ్మమ్మ ఇక ఆగలేదు. "పా బిడ్డా, మంచి గడియ దాటిపోతది" అంటూ మనవరాలిని బస్సెక్కించింది. బాపు నా వైపు ఒక్క చూపు చూసి, తనూ ఎక్కాడు.

"బాపూ, నువ్వు గూడనా?"

"నా నడుం నాకు అక్కెర లేదార?"

ట్రాక్టరు వెనక తాడుతో కట్టిన కారులో నేను ఇల్లు చేరేసరికి, పెళ్లికొడుకు లేక గృహప్రవేశం ఆగిపోయి, లావణ్య వాకిట్లో ఎండలో నిలబడి ఉంది. మా అక్క ఆనవాయితీ ప్రకారం గడపకు అడ్డం నిలిచింది.

"మీ ఆయన పేరు చెప్పి లోపలికి రా మరదలా!"

లావణ్య నన్ను ఎగాదిగా చూసింది.

"బస్సులోళ్లందరు తొవ్వ పొడుగున ఈయనను ఒక్కటే తిట్టుపేరు పెట్టి పిలిసిన్రు వదినా. గదే చెప్పమంటవా?"

వాకిలంతా ఘొల్లుమంది. అక్కడే, ఆ గడప మీదే, పొద్దున వేసిన ఏడడుగుల సాక్షిగా ప్రమాణం చేశాను: ఈ జన్మలో ఏ స్ప్రింగుకూ రంపం తాకించను. కారును వెంట్రుకవాసి దించాలన్నా, ముందుగా వెనక సీటువాళ్లందరి సంతకాలు తీసుకుంటాను.