జిందాబాదమ్మ మేనేజిమెంటైన రోజు

బిస్కెట్ ఫ్యాక్టరీ ప్యాకింగ్ హాల్లో యంత్రాలన్నీ ఒక ఎత్తు, ఆవిడ గొంతు ఒక్కటే ఒక ఎత్తు. అసలు పేరు జీతాల రోజున తప్ప ఎవరికీ గుర్తొచ్చేది కాదు. అందరికీ జిందాబాదమ్మే. ఆడవాళ్లకు వారానికో సెలవు కావాలని గేటు ముందు బైఠాయించి, వానలో తడిసి ముద్దయి, చివరికి మేనేజరు చేత సంతకం పెట్టించాకే లేచిన మనిషి. ఇంటికెవరొచ్చినా ఆ కథ వినకుండా వెళ్లడానికి లేదు. చెప్పిన ప్రతిసారీ వాన ఇంకాస్త పెద్దదవుతుంది, మేనేజరు ఇంకాస్త లావెక్కుతాడు.

అలాంటి మనిషి తుంటి ఎముక విరిగి మంచాన పడింది. గొంతుకు మాత్రం చిన్న దెబ్బ కూడా తగల్లేదు.

మంచాన పడ్డ పెద్దవాళ్లను చూసుకోవడానికి ప్రభుత్వం డబ్బిచ్చేది. అయితే ఆ డబ్బు నేరుగా ఏజెన్సీకి పోయేది. ఏజెన్సీ రోజుకో కొత్త అమ్మాయిని పంపేది. వచ్చిన పిల్ల చెప్పులు విప్పేలోపే చేతిగడియారం చూసుకునేది. ఒకమ్మాయి కుడిచెయ్యి తోమి టైమైపోయిందని పరుగెత్తితే, ఎడమచెయ్యి తోమడానికి మర్నాడు ఇంకో అమ్మాయి రావలసి వచ్చింది. మిగతా చాకిరీ అంతా కోడలిదే. పక్క మార్చడం, ఒళ్లు తుడవడం, నడుం పట్టుకుని చక్రాల కుర్చీలోకి దించడం, ఎప్పుడు పిలిస్తే అప్పుడు పలకడం. చెప్పుల షాపులో ఉద్యోగం మానేసి మరీ చేస్తోంది. దానికి ఎవరైనా ఏమైనా ఇవ్వాలని ఎవరికీ తోచలేదు. జిందాబాదమ్మకు అసలే తోచలేదు.

అప్పుడు చట్టం మారింది. ఆ కబురు మోసుకుని ఆఫీసు నుంచి ఒక కుర్రాడు వచ్చాడు. కంగారు మనిషి. హెల్మెట్ తియ్యడం మర్చిపోయి అలాగే కూర్చున్నాడు.

"మామ్మగారూ, ఇకమీదట డబ్బు ఏజెన్సీకి కాదండీ, మీ చేతికే వస్తుంది. పని ఎవరి చేత చేయించుకుంటారో మీ ఇష్టం. సొంత కోడలైనా పరవాలేదు. కాకపోతే పని వేళలూ, సెలవులూ మాట్లాడుకుని ఒప్పందం రాసుకోవాలి. అంటే... ఇప్పుడు మీరే యజమాని."

"నేనా? మేనేజిమెంటా?"

ఆవిడ మొహం పెళ్లిచూపుల్లో కూడా అంత వెలిగి ఉండదు. దిండ్లు ఎత్తు పెట్టించుకుంది. తల దువ్వించుకుంది. చక్రాల కుర్చీలోకి దించమని, ఎదురుగా బల్ల వేయమని హడావుడి చేసింది. ఇవన్నీ చేసిన కోడలినే బయటికి పంపి, తలుపు తట్టి రమ్మంది.

కోడలు తలుపు తట్టింది.

"ఎవరూ?"

"మీ కోడల్ని అత్తయ్యా."

"అత్తయ్యేమిటి, మేడమ్ అను! ఈ పనిలో అనుభవం ఉందా?"

"మిమ్మల్ని భరించిన అనుభవం ఉంది మేడమ్."

హెల్మెట్ లోపలి నుంచి కిచకిచమని నవ్వు వినిపించింది. కోడలు మాత్రం కుర్చీ అంచున కూర్చుని, కొంగు వేలికి చుట్టుకుంటూ అసలు సంగతి బయటపెట్టింది.

"ఏజెన్సీవాళ్లు నన్నే ఉద్యోగంలోకి రమ్మంటున్నారు. వారానికో రోజు సెలవట. మీరూ సెలవిస్తానంటే ఇక్కడే ఉంటాను. లేదంటే వచ్చే నెల నుంచి ఎవరో తాతగారిని చూసుకోడానికి వెళ్తాను. నాకూ ఒళ్లు అలిసిపోతోంది అత్తయ్యా."

జిందాబాదమ్మకు ఏజెన్సీ పిల్లలు గుర్తొచ్చారు. మళ్లీ రోజుకో కొత్త మొహం. మళ్లీ కుడిచెయ్యి ఈరోజు, ఎడమచెయ్యి రేపు. అయినా యజమాని బెట్టు యజమానిది కదా, గొంతు సవరించుకుంది.

"చూడమ్మాయ్, మనదంతా ఒక కుటుంబం. కుటుంబంలో సెలవులేమిటి?"

ఆ మాట నోటి నుంచి బయటపడిందో లేదో, ఆవిడ నాలుక్కరుచుకుంది. గేటు దగ్గర గొడుగు కింద నిలబడి ఆ లావుపాటి మేనేజరు అన్న మాట అచ్చంగా అదే. గొంతులో ఆ తేనె కూడా అదే.

పాపం కోడలికి ఇదంతా ఏం తెలుసు? అత్తగారు ఒప్పుకోలేదనుకుని నీళ్లు నమలడం మొదలుపెట్టింది. "పోనీ నెలకో రోజు... అదీ కుదరకపోతే ఒక పూటైనా..."

జిందాబాదమ్మకు ఒళ్లు మండిపోయింది. "ఓసి నీ తెలివి తెల్లారా! అడిగినదాన్ని నువ్వే కోసుకుంటూ పోతావేమిటే? అవతలివాడు ఇంకా బేరమైనా ఆడలేదు! ఒరేయ్, నన్ను అటువైపు తొయ్యి!"

అంతదాకా గోడకు ఆనుకుని తమాషా చూస్తున్న కొడుకు కదిలాడు. "ఎటువైపమ్మా?"

"కార్మికుల వైపు!"

బల్ల చుట్టూ తిప్పి ఆవిణ్ణి కోడలి పక్కన చేర్చాడు. ఖాళీ అయిన యజమాని స్థానాన్ని జిందాబాదమ్మ వేలెత్తి ఉతికి ఆరేసింది. "వారానికి ఒక రోజు పూర్తి సెలవు! పూటలూ గీటలూ కుదరవు! రాసుకో బాబూ."

అంతలోనే ఆవిడకు తన తుంటి గుర్తొచ్చింది. "ఒరేయ్, మళ్లీ ఇటు తొయ్యి." యజమాని స్థానంలోకి రాగానే గొంతు దానంతటదే బొంగురుపోయింది. "ఆ రోజు నన్నెవరు లేపుతారు? నన్నెవరు తుడుస్తారు? మేనేజిమెంటుకీ ఇబ్బందులుంటాయి."

"అమ్మా, ఇంతకీ నువ్వెవరి వైపు?"

"అటు తొయ్యరా ముందు!" అటువైపు చేరాక కోడలి చెవిలో గుసగుసలాడింది. కోడలు పమిట నోట్లో కుక్కుకుని నవ్వాపుకుంది. "యూనియన్ జవాబు ఇదీ: ఆ రోజు పని కొడుకు చేస్తాడు."

"నేనా?" కుర్చీ తోయడం ఆగిపోయింది.

"ఇటు తొయ్యి. మేనేజిమెంటుకు సమ్మతమే."

"నన్నెవరూ అడగరా?"

"నీకు యూనియన్ లేదు నాయనా."

కుర్రాడు తల పట్టుకుందామని హెల్మెట్ పట్టుకున్నాడు. "మామ్మగారూ, రెండు వైపులా ఒక్కరే సంతకం పెట్టకూడదండీ!"

"కోడలు తన సంతకం తనే పెడుతుందిలే. ఇంకొక్క మాట ఉంది, రాయి. మేం సెలవు నుంచి రాగానే మా ఫ్యాక్టరీ సూపర్‌వైజరు ఎక్కడికెళ్లావు, ఎవరితో వెళ్లావు అని ప్రాణం తోడేసేవాడు. అందుకని సెలవు రోజు సంగతులు యజమాని అడగకూడదు. ఒక్క ముక్క కూడా!"

అందరూ సంతకాలు పెట్టారు. కోడలు ఆవిడ బుగ్గ గిల్లి, మేడమ్‌ని మోసుకెళ్లి మంచం మీద పడుకోబెట్టింది.

తొలి సెలవు రోజున కోడలు పొద్దున్నే తయారై, చెయ్యూపి వెళ్లిపోయింది. కొడుకు అమ్మకు తలంటాడు. నురగ కళ్లలోకీ, చెవుల్లోకీ, ఎలా వెళ్లిందో కాని ఫ్యాను మీదికీ వెళ్లింది. జాకెట్టు తిరగేసి తొడిగాడు. "ఏజెన్సీవాళ్లే నయం కదరా" అని ఆవిడ, "సమ్మె చేస్తా" అని వాడు, ఇద్దరూ పడీ పడీ నవ్వుకున్నారు.

సాయంత్రం కోడలు తిరిగొచ్చింది. జుట్టంతా చెదిరిపోయింది. ఒక చెయ్యి మోచేతి దాకా ఆకుపచ్చ రంగు. గుమ్మంలో నిలబడి తనలో తనే నవ్వుకుంటోంది.

జిందాబాదమ్మ దుప్పటి అంచు నలిపింది. "ఎండ బాగా ఉందా అమ్మాయ్?"

"ఉందండీ."

"నీడ ఉన్నచోటేనా..."

"అత్తయ్యా, ఒప్పందం!" అంటూ కోడలు చెయ్యి కడుక్కోవడానికి కుళాయి దగ్గరికి వెళ్లింది.

కొడుకు ఉండబట్టలేకపోయాడు. "ఏమోయ్, ఇంతకీ ఎక్కడికెళ్లొచ్చావ్?"

"నోర్ముయ్యరా! అడక్కూడదు!" జిందాబాదమ్మ ఒక్క కసురు కసిరింది. కుళాయి దగ్గర కోడలు పకపకా నవ్వుతూనే ఉంది. ఆవిడ కాసేపు ఓర్చుకుంది. ఇంకాసేపు ఓర్చుకుంది. ఆఖరికి కొడుకు చొక్కా పట్టుకుని దగ్గరికి లాక్కుంది.

"అవున్రా, యజమాని నువ్వు కాదుగా. మళ్లీ అడుగు. కాస్త గట్టిగా, నాక్కూడా వినపడేలా."