చివరి పెట్టె మనిషి

ముప్పై ఏళ్లు రైలు గార్డుగా చేసిన మా బాబాయి, రిటైరయ్యాక పిన్నితో కలిసి మొదటిసారి మా బృందంతో అడవి నడకకు వచ్చాడు. ఒక స్టేషన్‌లో దిగి, చెట్ల మధ్య కాలిబాట పట్టి, సాయంత్రానికి తర్వాతి స్టేషన్ చేరాలి. చిన్నపిల్లలు కూడా నడవగలిగే దారి. బాబాయి మాత్రం పచ్చ జేబురుమాలు ఊపి, ఈల వేశాకే మా పదిమందినీ కదలనిచ్చాడు. ఆపైన అందరికంటే వెనకే నడిచాడు. ప్రతి మలుపులోనూ తలలు లెక్కపెట్టి మళ్లీ ఈల వేశాడు. పిట్టలన్నీ ఎగిరిపోయాయి. మేం ఒక్కదాన్నీ చూడలేదు.

"పక్కన నడుస్తారనుకుంటే ఇక్కడా డ్యూటీయేనా?" అని ముందు నుంచి పిన్ని అరిచింది.

"బండి వెనక గార్డు లేకపోతే ఎలాగే?" అన్నాడాయన.

రైలు పదకొండు నిమిషాల్లో దాటే దూరానికి మాకు ఐదు గంటలు పట్టింది. తిరుగు రైలు రాగానే పిన్ని చరచరా ఎటో వెళ్లిపోయింది. బాబాయి మమ్మల్నందరినీ ఎక్కించి లెక్క చూసుకుంటే ఒక తల తక్కువైంది. కంగారుగా ఈల వేస్తూ ప్లాట్‌ఫాం చివరిదాకా పరుగెత్తాడు.

చిట్టచివరి పెట్టె కిటికీలోంచి పిన్ని చెయ్యూపింది.

"రండి, సీటు పట్టాను. మీ పక్కన కూర్చోవాలంటే ఇక్కడికే రావాలిగా!"