లేని జింకల కావలి

మా తాత ఏసుపాదానికి వచ్చిన విద్య ఒక్కటే: లేని జింకను చూపించడం. వాడపల్లికి ఇవతల మూసీ ఒడ్డున పెద్ద గడ్డిబీడు ఉండేది. పెద్దవాళ్ల వేట కోసం సర్కారు కాపాడుతూ వచ్చిన బీడు. తాత దానికి కావలి జవాను. చూడటానికి ఎవరొచ్చినా ముందు నడిచి, ఊపిరి బిగబట్టి, చెయ్యి చాపి "అగో!" అనేవాడు. అక్కడ తుమ్మ పొద తప్ప ఏమీ ఉండేది కాదు.

"ఏదిరా?"

"గదే సాబు, ఎడమ చెవి ఆడిస్తుండె. మీరు మాట్లాడంగనే ఆపింది."

ఒకసారి కోదాడ నుంచి ఒక బొజ్జ సాబు వచ్చి, తాత చూపిన పొద మీదికి తుపాకి పేల్చాడు. పుట్ట పగిలి చెదలు లేచాయి. "అయ్యో, జరంతల తప్పిపాయె! కొమ్ము మీదికెల్లి పోయింది సాబు" అని తాత తల కొట్టుకున్నాడు. తనకేమీ కనబడలేదని ఒప్పుకోవడం సాబుకు నామోషీ. ఆయన కోదాడ చేరేసరికి ఆ జింకకు గుండు తగిలింది. భోజనాల వేళకు అది చచ్చి మూసీలో కొట్టుకుపోయింది. "పాపం, ఏం కొమ్ములనుకున్నారు!" అని ఆయన చాలాకాలం బాధపడ్డాడట.

ఇదంతా నాయనమ్మ సారమ్మకు తలవంపులు. ఆమె బుద్ధెరిగాక అబద్ధమాడలేదు. తమ కుక్క పక్కింటి కోడిని తింటే, ఎవరూ అడగకముందే వెళ్లి చెప్పి, తిట్లు తిని వచ్చిన మనిషి. ఆదివారం ప్రార్థనలో మా వాడకట్టు సువార్తమ్మ అందరికీ వినబడేలా మొదలుపెట్టేది: "ప్రభువా, మా ఏసుపాదం అన్నకు కండ్లన్న బాగుచెయ్యి, నాలికన్న బాగుచెయ్యి." అందరికంటే గట్టిగా "ఆమేన్" అనేది తాతే.

ఇంటికొచ్చాక సారమ్మ విరుచుకుపడేది. "లేనిదాన్ని ఉన్నదని ఎందుకు చెప్తవయ్యా? నరకానికి పోతవ్!"

"లేదంటె నౌకరి పోతదే. నరకానికి ఇంక టైమున్నది."

నిజానికి ఆ రోజుల్లో నరకం కోసం అంత దూరం పోనక్కర్లేదు. పొద్దున ఒకరు తుపాకులతో వచ్చి, రాత్రి వాళ్లకు అన్నమెందుకు పెట్టావని తాతను కొట్టేవారు. సాయంత్రం ఆ రాత్రివాళ్లే వచ్చి, పొద్దుటివాళ్లకు దారెందుకు చూపావని కొట్టేవారు. కొట్టి అలిసిపోయాక రెండు జట్లూ అడిగేది ఒకటే: "జింకలేడున్నయ్‌రా?" సారమ్మ తమ్ముడు మట్టయ్యనైతే ముందు కాల్చేసి, ఎవరి మనిషని తర్వాత విచారించారు.

తాత పక్కటెముకలకు పసుపు పట్టు వేస్తూ సారమ్మ ఏడ్చేది. "నిజం జింకను ఒక్కదాన్ని సూపిచ్చి ఈ దెబ్బలు తప్పించుకోరాదా?"

"ఉంటెగద" అని తాత మూలిగేవాడు.

పోలీసు చర్య జరిగి సర్కారు మారింది. కొత్త సాబు జీపులో దిగాడు. కోస్తా మాట, మెడలో దుర్భిణి, వెంట తుపాకులవాళ్లు. తాత ఆయన్ని బాట దిగగానే పొద వైపు తిప్పి "అగో!" అన్నాడు. సాబు దుర్భిణి పెట్టి చూశాడు. తుడిచి మళ్లీ చూశాడు.

"పొద తప్ప ఏమీ లేదేంటయ్యా?"

"దుర్భిణిల పెద్దగ కనవడ్తది గద సాబు. జింక అద్దంల పట్టలేదేమొ."

సాబు నవ్వలేదు. "తేల్చి చెప్పు. జింకలుంటే రేపు జీపులు తెచ్చి బీడంతా జల్లెడ పట్టిస్తాను. వేటకు పెద్దవాళ్లు వస్తున్నారు. లేవంటావా, ఇంక కావలి ఎందుకు? నీ నౌకరీ ఇవాళ్టితో సరి."

తాత తలపాగా విప్పి మళ్లీ చుట్టుకున్నాడు.

"అదుగో, ఏదో కదిలింది!" అంటూ సాబు దుర్భిణి ఎత్తాడు. పొద వెనక నుంచి నెత్తిన అన్నం గిన్నెతో సారమ్మ వచ్చింది. రోజూ వచ్చే బాటకు జీపు అడ్డం పెట్టారని ఏటి వెంట చుట్టు తిరిగి వస్తోంది. రెండడుగులు వేసి ఆగిపోయింది.

మగవాళ్లంతా ఆమె వైపే చూస్తున్నారు. వాళ్ల వీపుల వెనక ఏముందో ఆమెకొక్కతికే కనబడింది. దూరంగా గట్టు నీడలో మంద. నల్లటి మగజింక, చుట్టూ ఆడవి, వాటి కాళ్ల సందుల్లో పిల్లలు. అన్నీ తీరిగ్గా సాబు వీపును చూస్తున్నాయి. ఇన్నేళ్లూ తాత ప్రతి తుపాకినీ ఈ పొద వైపే ఎందుకు తిప్పాడో సారమ్మకు అప్పుడు అర్థమైంది.

"నువ్వు చెప్పమ్మా. నిన్ను చూస్తే అబద్ధమాడే మనిషిలా లేవు. ఇక్కడ జింకలున్నాయా?"

తాత గట్టిగా కళ్లు మూసుకున్నాడు.

"జింకలా!" అంది సారమ్మ. "ఇంకెక్కడియి సాబు? తుపాకులోళ్లు ఎన్నడో తిని చెయ్యి కడిగిండ్రు. ఈనది వట్టి నోరు. నా కండ్లతోని ఒక్కదాన్ని సూడలె."

సాబు తాత నడుము నుంచి ఇత్తడి బిళ్ల పట్టీ తీయించుకుని జీపెక్కాడు.

"నౌకరి పాయె" అన్నాడు తాత.

"మిర్యాలగూడల బియ్యం మిల్లున్నది. మూటలు మోద్దం." సారమ్మ గిన్నె దించింది. "గిన్నొద్దులు నాకన్న చెప్పరాదా?"

"ఎవలన్న అడిగితె నువ్వు నిజం చెప్తవ్ గదనే."

"వీటి కోసం గన్ని దెబ్బలు తింటివా?"

"మీ తమ్మున్నయితె దాపెట్టలేకపోతి. గీ కాలంల తుపాకి పట్టినోడు నేను సూపిచ్చిన దిక్కు సూసిండు. నాకు గది సాలు." తాత ముక్కు చీదుకుని, గట్టు వైపు చెయ్యి చాపాడు. "ఇగ మంచిగ సూడవే, పిల్లలు ఎట్ల ఎగురుతున్నయో..."

సారమ్మ ఆ చేతి మీద ఒక్కటి వేసింది. "దించు! జీపు ఇంక మలుపు తిరగలె. ఆ దుర్భిణోడు ఎనక్కి సూస్తుండు."

ఇద్దరూ గిన్నె మధ్యలో పెట్టుకుని కూర్చున్నారు. జీపు లేపిన దుమ్ము అణిగేదాకా, ఎంతో శ్రద్ధగా, ఖాళీ తుమ్మ పొదనే చూస్తూ అన్నం తిన్నారు.