ఆదికి కుదరని భుజం

మా వదిన దర్జీ. ఆమె పక్కన కూర్చుని కాజాలు కుట్టేది, గుండీలు పెట్టేది నేను. అంతకుముందు కొట్టు మా అన్నయ్యది, వదినా అందులోనే కొలతలు తీసి కుట్టేది. పాత చొక్కా ఒకటి ఆదిగా పడేసి "దీని కొలతకే కుట్టెయ్" అనేవాళ్లంటే అన్నయ్యకి ఒళ్లు మంట. "చొక్కాని చూసి చొక్కా కుడితే మధ్యలో మనిషెక్కడ?" అంటూ టేపు పట్టుకుని మనిషి చుట్టూ తిరిగేవాడు.

పోయిన ఏడాది ఒక మధ్యాహ్నం గుంపు వచ్చింది. మేం ప్రార్థన చేసే తీరు వాళ్లకి నచ్చలేదు. అంతకుమించి మేం చేసిన పాపం ఏమీ లేదు. అన్నయ్య లోపల ఉండగానే కొట్టుకి నిప్పు పెట్టారు. ఎదురింటి డ్రైవరు బాబాయి, బస్సు నడిపి రిటైరైన మనిషి, ఆయనదీ ఆ గుంపు మతమే. తలుపు విరగ్గొట్టి అన్నయ్యని బయటికి లాగాడు. కాలుతున్న దూలం బాబాయి కుడిభుజం మీద పడింది. అన్నయ్య నాలుగో రోజు పోయాడు.

ఆ గుంపులో మా కొట్లో చొక్కాలు కుట్టించుకున్నవాళ్లు ముగ్గురున్నారు. ఒకడైతే బాబాయి సొంత మేనల్లుడు. "వాళ్ల మెడ చుట్టూ టేపు వేసిన చేతులివి," అంది వదిన, తన చేతులు చూసుకుంటూ. మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

బతకాలి కదా! ఇంటి ముందుగదిలో మిషను పెట్టుకున్నాం. కానీ వదిన మనిషన్నవాడిని ముట్టుకోవడం మానేసింది. తలుపుకి ఎప్పుడూ గడియే. ఆది బట్ట కిటికీలోంచి ఇవ్వాలి, కుట్టినది కిటికీలోంచే తీసుకెళ్లాలి. ప్రార్థన కూడా మానేసింది. "ఎవరి కోసం చెయ్యమంటావ్?" అని నన్నే అడిగింది. నాకు కోపం ఆగేది కాదు. మొదట ఆ గుంపు మీద, తర్వాత తర్వాత వదిన మీద కూడా. దాచుకోవడం దేనికి? అన్నయ్య ఎలాగూ రాడు. ఈమెనైనా ఆ గడియ వెనకనుంచి బయటికి తెచ్చుకోవాలని నా తాపత్రయం.

ఒకరోజు బాబాయి కిటికీ దగ్గరికొచ్చాడు.

"అమ్మాయ్, వచ్చే వారం కోర్టులో నా సాక్ష్యం. మంచి చొక్కా ఒకటి కుట్టిపెట్టు. ఇదిగో ఆది."

"చొక్కా చూసి మార్కులేస్తారా బాబాయ్?" అన్నాను.

"కాజాలు కుట్టే సూదితోనే నీ నోటికీ రెండు కుట్లు వేసుకోవే," అన్నాడు.

మేనల్లుడి మీద సాక్ష్యం చెబుతున్నాడని అప్పటికే బాబాయి అక్కాబావలు ఆయన మొహం చూడడం మానేశారు. ఆ సంగతి మాత్రం మాతో అనలేదు.

ఆయనిచ్చిన చొక్కా గొడవకి ముందుది. ఆ ముక్క నాకూ తట్టలేదు, వదినకీ తట్టలేదు. ఉన్నదున్నట్టు కొలిచి కుట్టేసింది. నాలుగు రోజుల తర్వాత ఆయన దాన్ని మా వాకిట్లోనే వేసుకున్నాడు. కుడిభుజం దగ్గర సంచిలా వేలాడింది. కాలరు ఎడమకి పీక్కుపోయింది.

"బ్రహ్మాండం!" అన్నాడు.

"అద్దంలో చూసుకుని మాట్లాడు."

"చూసుకున్నానే, కిటికీ అద్దంలో. నా మొహమే బాలేదు, చొక్కా బానే ఉంది."

"చెయ్యెత్తండి బాబాయ్," అంది వదిన లోపల్నుంచి.

ఎత్తబోయాడు. చొక్కా నడుము దాటి పైకి లేచింది. చెయ్యి మాత్రం గుండె దగ్గరే ఆగింది.

"ప్రమాణం చేసేటప్పుడు కుడిచెయ్యి ఎత్తాలంట కదా?" అని అడిగింది వదిన.

"ఎంతో కొంత ఎత్తుతాలే. సగమే ఎత్తానని సగమే నమ్ముతారా ఏంటి?"

వదిన ఆ భుజం కేసి చాలాసేపు చూసింది. "దీనికి ఆది లేదు," అంది. తర్వాత గడియ తీసిన చప్పుడైంది. ఏడాదిగా ఆ చప్పుడు కోసమే కాచుకున్నదాన్ని నేను.

వదిన బయటికొచ్చి ఆయన మెడ చుట్టూ టేపు వేసింది. కుడిభుజం ఎడమదానికన్నా ఒకటిన్నర అంగుళాలు కిందికి ఉంది. కాలిన చోట టేపు తగలగానే ఆయన ఉలిక్కిపడ్డాడు.

"నొప్పా?"

"చక్కిలిగింత."

"ఆయన్ని లాగింది ఈ చేత్తోనే కదూ?"

బాబాయి తల దించుకున్నాడు. "ఇంకాస్త ముందు రావాల్సిందమ్మా. తలుపు బిగుసుకుపోయింది."

అంతే, ఇద్దరూ ఏడ్చారు. నేనూ ఏడ్చాను. వీధిలో పోయేవాళ్లు చూస్తే చూశారు, నాకేం సిగ్గు!

ఈసారి రెండు భుజాలూ వేరువేరుగా కత్తిరించింది. చెయ్యి లేస్తే బట్ట పట్టెయ్యకుండా చంక కింద అదనంగా చదరపు ముక్క వేసి కుట్టింది. కాజాలు నావే, చెప్పకపోతే ఎలా!

కోర్టుకి రానన్న వదిన ఆ పొద్దున నాకన్నా ముందే తయారై కూర్చుంది. బోనులో బాబాయి చెయ్యెత్తాడు. గుండె దాటింది, భుజం దాటింది, చెవి దాకా వెళ్లి ఆగింది. చొక్కా ఎక్కడా పీక్కోలేదు. చూసింది చూసినట్టు చెప్పాడు. ముగ్గురి పేర్లూ చెప్పాడు. మేనల్లుడి పేరు దగ్గర మాత్రం మధ్యలో ఆగిపోయాడు. మంచినీళ్లు తాగి, మళ్లీ మొదట్నుంచి స్పష్టంగా చెప్పాడు.

తిరిగి చూస్తే వదిన కళ్లు మూసుకుని ఉంది. పెదవులు కదులుతున్నాయి. ప్రార్థన!

"ఎవరి కోసం వదినా?" అన్నాను చెవిలో.

"బాబాయి కోసమే. ఇవాళ ఆ చెయ్యి అంత పైకెత్తాడు కదా, రాత్రికి నొప్పి పుట్టకూడదని."