మనుషుల్లేని మేడ

పాత మేడల బొమ్మలు గీస్తాడు గనక అతన్ని అందరూ మేడలాయన అనేవాళ్ళు. సొంతానికి రేకుల షెడ్డయినా లేదు. అచ్చుయంత్రం ఉన్న గదిలోనే పడక. నునుపు చేసిన రాతిపలక మీద జిడ్డు సుద్దతో కుడిఎడమలు తిరగేసి బొమ్మ గీసి, తడిపి, సిరా పట్టించి, కాగితాల మీద అచ్చు తీసేవాడు. కావలసినన్ని తీశాక రాతి మీది బొమ్మను అరగదీసేసేవాడు. మళ్ళీ పుట్టవు కాబట్టే వాటికంత గిరాకీ. కొన్నవాళ్ళు అద్దాలు కట్టించి పిల్లల కంటే భద్రంగా చూసుకునేవాళ్ళు. ప్రతి బొమ్మ కిందా ‘ఉన్నది ఉన్నట్టుగా’ అని రాసి సంతకం పెట్టేవాడు.

అసలు సంగతేమిటంటే, బొమ్మల్లో మనుషులుండటం అతనికి గిట్టదు. “మనిషి కదులుతాడు, గోడ కదలదు” అనేవాడు. సైకిళ్ళు, దుకాణం బోర్డులు, కిటికీలో తలకాయలు, అన్నీ ఏరిపారేసేవాడు. కొనేవాళ్ళకీ అదే ముద్దు. పూర్వకాలంలో మేడలే తప్ప జనం లేనట్టు!

అతనికి పేరు తెచ్చిపెట్టింది కమానుల మేడ బొమ్మ. ఆ మేడ పై అంతస్తులో అతని అక్క కాపురం. అమ్మానాన్నా పోయాక తమ్ముణ్ణి అక్కడే కంటికి రెప్పలా పెంచింది. కుట్టుమిషను తొక్కి తొక్కి మోకాళ్ళు పోగొట్టుకుని చదివించింది. బొమ్మ మొదలుపెట్టిన రోజు, వసారాలో ఆరేసిన బట్టలు కమానుకి అడ్డంగా ఉన్నాయని ఆవిడే గమనించింది.

“తీసెయ్యనా?” అంది.

“ఎందుకక్కా, నా చేతిలో పనేగా!” అన్నాడు.

నిజంగానే చేతిలో పని. బొమ్మలోంచి బట్టలు పోయాయి, తీగ పోయింది, కుట్టుమిషను పోయింది, దాని వెనక కూర్చున్న అక్కా పోయింది. మేడ మాత్రం వెలిగిపోయింది. అంత బొమ్మ అతను మళ్ళీ గీయలేదు.

ఏళ్ళు గడిచాక యజమాని ఆ మేడ కూల్చి పెద్ద దుకాణం కట్టాలనుకున్నాడు. ఎప్పట్నుంచో కాపురం ఉంటున్నవాళ్ళకి వేరే ఇల్లు చూపించాకే కూల్చాలని నిబంధన. “పై అంతస్తు ఇన్నాళ్ళూ ఖాళీయేనండీ, వీళ్ళంతా నిన్నగాక మొన్న దూరినవాళ్ళు” అన్నాడు అతని వకీలు, విచారించే అధికారితో. అద్దె చేతికే ఇచ్చేవాళ్ళు తప్ప రసీదుల ఊసు ఎవరెరుగుదురు? ఇరుగుపొరుగు చెబుతామంటే, వాళ్ళూ ఆ మేడవాళ్ళేగా అని కొట్టిపారేశాడు. తన సాక్ష్యంగా ఏం తెచ్చాడయ్యా అంటే, మేడలాయన బొమ్మ!

అక్క కుంటుకుంటూ అచ్చుగదికి వచ్చింది. “ఒరే చిన్నోడా, నువ్వొచ్చి ఒక్క ముక్క చెప్పరా. మేమున్నాం, నువ్వే గీయలేదు, అంతే.”

“ఓస్, అంతేనా! నువ్వు నిశ్చింతగా ఉండు.”

ఆ మాట బొమ్మలమ్మే వ్యాపారి చెవిన పడింది. పరుగున వచ్చాడు. “మతి పోయిందా నీకు? ఒక్కటి అబద్ధమంటే అన్నీ అబద్ధమే అంటారు. ప్రదర్శనశాల వాళ్ళు నీ బొమ్మలకి ఏకంగా ఒక గది ఇస్తామంటున్న వేళ ఇదేం బుద్ధి? మీ అక్కకి ఇంకో ఇల్లు దొరక్కపోతుందా?”

ఆ చివరి మాట మేడలాయనకి తియ్యగా తాకింది. నిజమే, ఇంకో ఇల్లు చూడొచ్చు, అద్దె తనే కట్టొచ్చు. తప్పు చేయబోయే ముందు మనసు ఎంత దయగా మాట్లాడుతుందో! ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్ళు కూడా, తెప్ప పాతబడిందిలే అనే అనుకుంటారు.

విచారణ రోజున అధికారి బొమ్మ చూపించాడు. “ఇది మీరు గీసిందేనా?”

“అవునండీ.”

“ఉన్నది ఉన్నట్టుగా అని రాసిందీ మీరేనా?”

“నేనేనండీ.”

“అయితే అప్పుడు పైన ఎవరూ లేరన్నమాట?”

ముందు వరసలో కూర్చున్న అక్క, చిన్నప్పుడు పాఠం అప్పజెప్పించుకున్నట్టే, చెప్పరా అని తల ఊపుతోంది. పక్కన వ్యాపారి చేతులు కట్టుకుని చూస్తున్నాడు.

“నేను... చూసిందే గీస్తానండీ,” అన్నాడు.

అక్క తల ఊపడం ఆగిపోయింది.

అధికారి ఆవిడ వైపు తిరిగాడు. “ఈయన మీ సొంత తమ్ముడని చెప్పారు. ఏమైనా అడుగుతారా అమ్మా?”

ఆవిడ కుర్చీ పట్టుకుని మెల్లగా లేచింది. “పొరపాటున చెప్పానండీ. నేనా ఇంట్లో లేనే లేనట. లేనిదానికి తమ్ముడెక్కణ్ణుంచి వస్తాడు?”

“అక్కా!” అన్నాడు మేడలాయన.

“సాక్షి ఇంక వెళ్ళొచ్చండీ,” అన్నాడు వకీలు.